ఫొటో కింద పేరెవరిది?

మన కళాశాలలో ఏటా వార్షికోత్సవానికి ముందు ఛాయాచిత్ర ప్రదర్శన పెడుతుంటారు గదా! మూడేళ్ళుగా నేను తప్పకుండా చూస్తున్నాను. బహుమతులు దాదాపు ఒకే రకం బొమ్మలకు పోతున్నాయి. ముడతలు పడ్డ ముసలమ్మ ముఖం ఒకటి, అద్దాల రవిక తొడుక్కున్న లంబాడీ యువతి ఒకటి, అరకులో థింసా ఆడుతున్న ఆడవాళ్ళ వరస ఒకటి. కింద ‘గ్రామీణ సౌందర్యం’, ‘అమాయకత్వం’ లాంటి శీర్షికలు. ఆ కింద తీసినవారి పేరు, తరగతి. బొమ్మలో ఉన్న మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

తీసిన మిత్రుల నైపుణ్యాన్ని నేను శంకించడంలేదు. వెలుగునీడల లెక్కలు వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. నా పేచీ అంతా ఆ లేని పేరుతోనే.

ఇది మనం కనిపెట్టిన పద్ధతేమీ కాదు. 1868 నుండి 1875 దాకా ఆంగ్ల ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు వేయించింది. నాలుగు వందలకు పైగా ఫొటోలు. ఒక్కో కులానికీ తెగకూ ఎవరినో ఒకరిని నిలబెట్టి తీసి, వీళ్ళ స్వభావం ఇలాంటిదని పక్కన రాశారు. ఒక మనిషి ముఖం ఒక జాతి మొత్తానికి ముద్రయి కూర్చుంది.

1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ లండన్ వెళ్ళినప్పుడు ఆయన కొడుకులు ఇండియా ఆఫీసులో ఆ పుస్తకం తిరగేస్తున్నారట. ఒక ఆంగ్ల యువకుడు వచ్చి, నీవు హిందూస్థానీవా అని మహమూద్‌ను అడిగాడు. అతను ఔనన్నాడు గాని సిగ్గుతో ముఖం కందిపోయింది. తాను ఇక్కడి ఆదివాసిని కాననీ, తన పూర్వులు వేరే దేశంనుండి వచ్చినవారనీ వెంటనే చెప్పుకున్నాడు. సయ్యద్ గారే ఉత్తరంలో రాసిన సంగతి ఇది. దీన్ని చెప్పేవాళ్ళు తెల్లవాడి అహంకారం దగ్గరే ఆగిపోతారు. నాకు మహమూద్ జవాబే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆ బొమ్మ అబద్ధం అనలేదతను. ఆ బొమ్మలోవాణ్ణి నేను కాను అన్నాడు! మన ప్రదర్శనలో టీ తాగుతూ తిరిగే మనమూ ఆ మాటే అనుకుంటూ తిరుగుతున్నామేమో.

అలాగని కెమెరా పనికిమాలినదని కాదు. తుపాకులు పట్టిన తెలంగాణ స్త్రీలను సునీల్ జానా తీసిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. గడీ ముందు తలవంచుకు నిలబడే ఆడమనిషి అన్న భావన ఆ ఒక్క బొమ్మతో బద్దలవుతుంది. అయితే ఆ తుపాకీ దించాక వాళ్ళ బతుకులేమయ్యాయో తెలియాలంటే, 1986లో స్త్రీ శక్తి సంఘటన వారు తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవాలి. అక్కడ వాళ్ళే మాట్లాడతారు.

ఇక పాలగుమ్మి సాయినాథ్ సంగతి. రైతు అనగానే మనకు తలపాగా, నాగలి, ఒక మగవాడు. పాఠ్యపుస్తకం నుండి గోడమీది క్యాలెండరు దాకా అదే బొమ్మ. నాట్లువేసి, కలుపుతీసి, కోతకోసే ఆమె మాత్రం కూలిమనిషో, రైతు భార్యో! 1993 నుండి 2002 దాకా పది రాష్ట్రాల్లో తాను తీసిన ఫొటోలతో సాయినాథ్ ‘విజిబుల్ వర్క్, ఇన్‌విజిబుల్ విమెన్’ అనే ప్రదర్శన తయారుచేశారు. మన ఆంధ్రలోని ఇటుకబట్టీలో ఒడిశానుండి వలసవచ్చిన స్త్రీలు తలమీద ఇటుకలు మోస్తున్నారు. బయట ఎండ 49 డిగ్రీలు. మగవాళ్ళకన్నా కూలి తక్కువ. ఇంకొక ఫొటోలో భూస్వామి నిటారుగా, దర్జాగా నిలబడ్డాడు. వెనక తొమ్మిదిమంది స్త్రీలు నడుములు వంచి నాట్లు వేస్తున్నారు. రోజుకు 40 రూపాయలు ఇస్తున్నానన్నాడాయన. తర్వాత అడిగితే వాళ్ళు 25 అన్నారు. వాళ్ళంతా రాయగడకు చెందిన భూమిలేని స్త్రీలు. ఈ నాలుగు ముక్కలు కింద లేకపోతే అది కూడా మన గోడమీద ‘పచ్చని పైరు’ అయి ఉండేది, రెండో బహుమతీ వచ్చేది.

ఆ ప్రదర్శనను హాళ్ళలో మాత్రమే పెట్టలేదు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, బస్‌స్టాండుల్లో, ఊరి కూడళ్ళలో పెట్టారు. బొమ్మలో ఉన్నలాంటి వాళ్ళే ఎదురుగా నిలబడి చూశారన్నమాట. మనవాళ్ళు తీసినవి ఆ అరకు స్త్రీలు ఎప్పుడైనా చూశారా?

కళలోకి కూలిలెక్కలెందుకని మన మాస్టార్లలో కొందరు అంటారు. బొమ్మ బాగుంటే చాలదా అంటారు. చాలదండీ. బాగుండడానికీ లెక్కకూ వైరమేమీ లేదు, ఆ నాట్ల ఫొటో బాగానే ఉంది గదా!

విద్యార్థి సంఘం వారికి నాదొక్కటే కోరిక. పోటీ ఫారంలో కెమెరా ఏది, లెన్సు ఏది అని రెండు గళ్ళు ఉన్నాయి. ఇంకో మూడు చేర్చండి: ఫొటోలోని వారి పేరు, చేసే పని, ఈ ఫొటో చూసి వాళ్ళేమన్నారు. అరకుదాకా పోనక్కర్లేదు. మన మెస్సులో వెయ్యి చపాతీలు ఒత్తే ఆమె ఉంది, పొద్దున్నే హాస్టలు వరండాలు ఊడ్చే ఆమె ఉంది. వాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు? అడిగి తీయండి. వద్దంటే మానేయండి. ఆ చోట గోడ ఖాళీగా ఉంచి, ‘ఆమె వద్దన్నది’ అని కింద రాసిపెట్టండి. దానికి బహుమతి ఇవ్వాలా అన్నది జడ్జీలు చూసుకుంటారు.