ట్యాగు తగిలించి పోయే మహానుభావులకి...

మొన్న లంచ్ టేబుల్ దగ్గర ఓ మిత్రుడు అన్నాడు, "కార్టూన్ ఎపిసోడ్ మీద వికీ వ్యాసానికి రివ్యూ ఏంట్రా, పనీపాటా లేదా నీకు?" అని. ఇదే మనిషి ఆ పొద్దునే నా కోడ్ రివ్యూలో వేరియబుల్ పేర్లు బాలేదని పదకొండు కామెంట్లు పెట్టాడు. వాటిలో అసలు బగ్ గురించి ఒక్కటీ లేదు, అది వేరే సంగతి. అప్పుడు సాంబారు చల్లారిపోతోందని ఊరుకున్నా. ఇప్పుడు చెప్తున్నా.

'ది సింప్సన్స్' తెలుసు కదా. ఫాక్స్ చానెల్లో దాని మొదటి ఎపిసోడ్ 1989 డిసెంబరు 17న వచ్చింది. పేరు 'సింప్సన్స్ రోస్టింగ్ ఆన్ యాన్ ఓపెన్ ఫైర్'. బోనస్ రాలేదని ఇంట్లో చెప్పలేక, మాల్లో శాంటా వేషం కట్టే హోమర్ కథ. (అప్రైజల్ టైములో మనకి ఎవరూ వివరించక్కర్లేదు!)

దీన్ని "పైలట్" అని ఒక్క ముక్కలో రాసేస్తే పోయేదేముంది అంటారా? అసలు కథంతా పోతుంది. సీరీస్ మొదలుపెడదామనుకున్నది 'సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్' అనే వేరే ఎపిసోడ్‌తో. కొరియాలో యానిమేషన్ చేయించి తెప్పించుకుని చూస్తే నిర్మాతలకి గుండె జారిపోయింది. దాదాపు 70 శాతం మళ్ళీ చేయించారు. దాంతో షో డిసెంబరుకి జరిగింది, ఎనిమిదోదిగా తయారైన క్రిస్మస్ కథ ముందుకొచ్చింది. మొదటిదేమో 1990 మే 13న సీజన్ చివర్లో వచ్చింది. ప్రొడక్షన్ కోడ్‌లే చూడండి: 7జి08 మొదట, 7జి01 ఆఖర్న. ఇక ఈ కుటుంబం టీవీలో తొలిసారి కనిపించింది 1987 ఏప్రిల్లో, ట్రేసీ ఉల్మన్ షోలో చిన్న చిన్న బిట్లుగా. బిల్డ్ ఆర్డర్ వేరు, రిలీజ్ ఆర్డర్ వేరు అని మనకి ఎవరైనా చెప్పాలా?

రివ్యూ అంటే ఇది పట్టుకోవడం. కానీ జనాలు చేసేది ఏంటి? ఒకడు "సూపర్, బాగుంది" అని పోతాడు. ఇంకొకడు ప్రతి వాక్యం పక్కనా "మూలం కావాలి" అని ట్యాగు కొట్టి పోతాడు. మూడోవాడు వీరాభిమాని. కథని సీను సీనుగా రాసి వ్యాసాన్ని మెరుగుపరిచానంటాడు. ఇంగ్లీషు వికీలో ఎపిసోడ్ కథ 400 పదాలు దాటకూడదని నియమం. కథ చూసినవాడికి తెలుసు. ఎవరు రాశారు, ఎందుకు ఆలస్యమైంది, వచ్చాక విమర్శకులు ఏమన్నారు... వ్యాసం ఉన్నది అందుకు.

ట్యాగు కూడా బగ్ రిపోర్టే కదా అంటారు. నిజమే, ఆధారం వెతికి దొరక్కపోతే. వెతక్కుండా పెడితే అది సేవ కాదు, పని పక్కవాడి మీదకి తోసెయ్యడం. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది: లింకు ఉంటుంది, తెరిచి చూస్తే అందులో ఆ విషయం ఉండదు. టెస్ట్ కేస్ ఉంది, అసర్ట్ లేదు. ఆకుపచ్చ లైటు చూసి మురిసిపోవడమే.

"తెలుగు వ్యాసాలకే దిక్కులేదు, ఇంగ్లీషు కార్టూన్ గొడవ మనకెందుకు" అనేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, చెయ్యాల్సింది ఇంకా కొండంత ఉంది. కానీ మనం ఎక్కువగా అనువదించేది ఇంగ్లీషు నుంచే. అక్కడి బగ్ ఇక్కడికి కాపీ పేస్ట్. ఇప్పుడైతే ఏఐ మోడళ్ళు కూడా వికీ చదివే నేర్చుకుంటున్నాయి. అక్కడ ఒక తప్పు వాక్యం వెయ్యి చోట్ల ధీమాగా జవాబై తిరిగొస్తుంది. అప్పుడు దాన్ని ఎక్కడని సరిచేస్తాం?

నా మటుకు నేను ఒక్క రూలు పెట్టుకున్నా: మూడు తప్పులు చూపిస్తే కనీసం ఒకటి నేనే సరిచెయ్యాలి, ఆధారం తెరిచి చదివాకే. ఈ శనివారం మీకు బాగా తెలిసిన వ్యాసం ఏదైనా ఒకటి తీసి, ఒకే ఒక్క వాక్యానికి ఈ పని చేసి చూడండి. పావుగంట కూడా పట్టదు.

పదకొండు కామెంట్ల మిత్రుడికి కూడా లింకు పంపిస్తున్నా. చూద్దాం, పన్నెండోది ఏం పెడతాడో!