మొద్దులున్న నీళ్లకు అల్యూమినియమే మేలు

సంపాదకులకు,

ఖరీదైన బాస్ చేపల పడవంటే ఫైబర్‌గ్లాసేనన్న మీ వ్యాసం అసలు సంగతే వదిలేసింది: ఆ పడవ ఏ నీళ్లలో తిరగాలి? ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే. గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. అక్కడ ఫైబర్‌గ్లాస్‌కు బరువే బలం. టెక్సస్, లూసియానా సరిహద్దులోని టోలెడో బెండ్ జలాశయం సంగతి వేరు. 1960లలో ఆనకట్ట కట్టినప్పుడు చాలా చెట్లను నరక్కుండానే ముంచేశారు. ఆ మొద్దులు నీటి కింద కనిపించవు. వాటికి తగిలితే అల్యూమినియం చాలావరకు సొట్టతో బయటపడుతుంది; ఫైబర్‌గ్లాస్‌కైతే పైపూత పగిలి లోపలి పొరల్లోకి నీరు దిగొచ్చు.

అల్యూమినియం పడవల రివెట్లు వదులై నీరు కారుతుందన్న మాట పాత పడవలకు చెల్లుతుంది. ఇప్పటి మేలురకాల అడుగుభాగం వెల్డింగ్‌తో చేసినదే. 250 హార్స్‌పవర్ మోటారు బిగించేవీ ఉన్నాయి కనుక వేగం కొరతా కాదు. తేలికపాటి పడవను గాలి పక్కకు నెట్టేయడం మాత్రం నిజమైన లోపమే, ట్రోలింగ్ మోటారుకు పని పెరుగుతుంది. మొద్దుల మధ్యే వేటాడేవారు దాన్ని భరించడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

— ఒక పాఠకుడు