రంగు ఒకటైనంత మాత్రాన రసాయనం ఒకటి కాదు: ఊదా సిరాపై ఒక వైద్యుని అభిప్రాయం

రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పుల గురించి వ్రాసే ఈ పుటలో సిరా ప్రస్తావన ఎందుకని మీకు సందేహం కలుగవచ్చు. కారణం ఉన్నది. ఇంకు పెన్నులపై మక్కువ మళ్ళీ పెరుగుతున్నది. విశ్రాంత జీవితం గడుపుతున్న మావంటి వారు పాత పెన్నులను బయటకు తీస్తున్నారు, పిల్లలు కొత్తవి కొనుక్కుంటున్నారు. నీలం సిరా, ఎర్ర సిరా అన్ని దుకాణాల్లోనూ దొరుకుతాయి గాని ఊదా సిరా అంత సులభంగా దొరకదు. కనుక చాలామంది రెండింటినీ కలిపి ఊదా రంగును ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారు. అదే ఊదా రంగు ద్రవం మందుల అలమారలోనూ ఉంటుంది, స్టాంపు ప్యాడులోనూ ఉంటుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

నా అభిప్రాయం ముందుగానే చెప్పివేస్తాను. సిరాలు పోల్చి చూడటం, కలపటం మంచి కాలక్షేపం. చేతికి, కంటికి, బుద్ధికి ఒకేసారి పని కల్పిస్తుంది. అయితే రంగును చూసి ద్రవాన్ని నమ్మరాదు. ఈ సూత్రాన్ని మరచినవారికి పెన్ను విషయంలో పోయేది పెన్నే. శరీరం విషయంలో మరచితే నష్టం చాలా పెద్దది.

ఊదాలో ఎన్ని ఊదాలు

మన భాషలో ఈ రంగుకు పేర్ల కొరత లేదు. వంకాయ రంగు, వంగపండు రంగు, నేరేడుపండు రంగు, ఊదా అని సందర్భాన్ని బట్టి అంటాము. మన అమ్మమ్మలు చీర చూసి ఇది నేరేడా, వంగపండా అని ఇట్టే చెప్పేవారు. సిరాల విషయంలోనూ ఆ చూపే కావాలి. పెలికాన్ 4001 వయొలెట్ ప్రకాశవంతంగా, ఏ సందేహమూ లేని ఊదాగా కనిపిస్తుంది. ఫ్రాన్సు దేశపు ఎర్బాఁ సంస్థవారి 'పూసియేర్ ద లూన్' (పేరుకు అర్థం వెన్నెల ధూళి) మసకబారిన వంగపండు రంగు. జపానువారి పైలట్ సంస్థ తన ఊదా సిరాకు 'మురసాకి షికిబు' అని పేరు పెట్టింది. అది ఊదా రంగు కాయలు కాసే ఒక పొద పేరు, వేయి సంవత్సరాల నాటి వారి మహారచయిత్రి పేరు కూడా. విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఏమి తెమ్మంటారని అడిగితే, చాక్లెట్లకు బదులు ఇటువంటి సీసా ఒకటి అడగవచ్చు. మధుమేహులకు ఇది మరీ క్షేమం.

పోల్చటానికి సులువైన పద్ధతి ఒకటి చెబుతాను. అద్దుడు కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీగా కత్తిరించి, అడుగు నుంచి ఒక అంగుళం పైన సిరా చుక్క పెట్టండి. గ్లాసులో అర అంగుళం నీళ్ళు పోసి, చుక్క మునగకుండా పట్టీని నిలబెట్టండి. నీరు పైకి ఎగబాకుతూ రంగులను తనతో తీసుకుపోతుంది. ఒక ఊదా గులాబీగా, నీలంగా రెండు పట్టీలుగా విడిపోతుంది. మరొకటి విడిపోకుండా ఒకే ఊదాగా నిలుస్తుంది. కంటికి కవలల్లా కనిపించిన రెండు సిరాలు అరగంటలో వేరువేరు సంగతులు చెబుతాయి. మనుమలతో కలిసి చేయండి, వారికి రసాయన శాస్త్రంపై ఆసక్తి కలుగుతుంది.

మలేరియా మందు వెతుకులాటలో పుట్టిన రంగు

ఊదా రంగుకూ వైద్యానికీ బంధుత్వం పాతది. 1856లో లండనులో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ విద్యార్థి మలేరియాకు మందైన క్వినైనును ప్రయోగశాలలో తయారు చేయబోయాడు. క్వినైను రాలేదు. గాజుపాత్రలో మిగిలిన నల్లని మడ్డి నుంచి చక్కని ఊదా రంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమకు నాంది అదే. 1861లో ఫ్రాన్సుకు చెందిన షార్ల్ లోత్ మిథైల్ వయొలెట్‌ను తయారు చేశాడు. ఫ్రెంచి పాఠశాలల్లో తరతరాల పిల్లలు ఊదా సిరాతోనే అక్షరాలు దిద్దారు. అక్కడ బాల్‌పాయింటు పెన్నును బడిలోకి అధికారికంగా అనుమతించినది 1965లో మాత్రమే.

ఆ మిథైల్ వయొలెట్ వర్గమే మన ఆసుపత్రులకు జెన్షన్ వయొలెట్ అనే పేరుతో వచ్చింది. 1884లో డెన్మార్కు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఈ రంగుతోనే సూక్ష్మజీవులను రెండు తెగలుగా వేరుచేశాడు. నేటికీ ప్రతి ప్రయోగశాలలో జరిగే 'గ్రామ్ స్టెయిన్' అదే. 1912లో జాన్ చర్చ్‌మన్ ఆ రెండు తెగలలో ఒకదాని ఎదుగుదలను ఈ రంగు ఆపగలదని చూపాడు. అది మొదలు పిల్లల నోటి పూతకు, చర్మపు పుండ్లకు ఊదా మందు పూయటం వాడుకలోకి వచ్చింది. నా తరం ప్రభుత్వ వైద్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీనిని సీసాల కొద్దీ వాడినవారే. పల్లెల్లో దానికి 'నీలిమందు' అనీ, 'ఇంకుమందు' అనీ పేర్లు పెట్టినవారు కూడా ఉన్నారు. ఆ పేర్లే తరువాత ఒక అపోహకు తోడ్పడి ఉంటాయని నా అనుమానం.

రెండు వంశాలు

రంగులలో రెండు ముఖ్య వంశాలు ఉన్నాయి. నీటిలో ధన విద్యుదావేశం వహించేవి ఒక వంశం, వాటిని క్షార రంగులు అంటారు. ఋణావేశం వహించేవి రెండవ వంశం, అవి ఆమ్ల రంగులు. మిథైల్ వయొలెట్, జెన్షన్ వయొలెట్ మొదటి వంశానికి చెందినవి. పాతకాలపు స్టాంపు ప్యాడు సిరాలు, తడి తగిలితే ఊదాగా మారే నకలు పెన్సిళ్ళు కూడా ఈ వంశమే. పెన్నుల్లో పోసే నీలం, ఎరుపు సిరాలలో చాలావరకు రెండవ వంశపు రంగులు ఉంటాయి.

ఈ తేడా చదువుకున్నవారి కాలక్షేపానికి చెప్పినది కాదు. క్షార రంగులు జీవకణాలకు గట్టిగా అతుక్కుంటాయి. సూక్ష్మజీవి పని పట్టే గుణం వాటికి అందువల్లనే వచ్చింది. కంటిలో పడితే కంటికి కూడా అదే గతి. నకలు పెన్సిలు ముక్క కంటిలో పడి నల్లగుడ్డుపై పొర దెబ్బతిన్న సంఘటనలను నేత్రవైద్యులు గత శతాబ్దంలో ఎన్నో నమోదు చేశారు. ఏ సిరా అయినా కంటిలో పడితే రుద్దకండి. శుభ్రమైన నీటి ధారతో పావుగంటకు తగ్గకుండా కడిగి, వెంటనే నేత్రవైద్యుని చూపించండి.

కలపదలచిన వారికి

ఇక కలపటం గురించి. పేరులోనే తుమ్మను మోస్తున్న ఊరు మా తుమ్మలపల్లె. తుమ్మబంకకూ సిరాకూ సంబంధం ఈనాటిది కాదు. మసిని తుమ్మబంక నీళ్ళతో నూరి పూర్వులు సిరా చేసుకున్నారు. కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి నల్లసిరా కాచారు. ఏది దేనితో కలుస్తుందో, ఏది విరుగుతుందో వారికి అనుభవం మీద తెలుసు. మనకు దుకాణపు సీసాపై రంగు పేరు తప్ప మరేమీ తెలియదు. కనుక కొన్ని నియమాలు పాటించాలి.

మొదటిది, ఒకే సంస్థవారి, ఒకే శ్రేణికి చెందిన నీలం, ఎరుపు సిరాలనే కలపండి. క్షార రంగును ఆమ్ల రంగుతో కలిపితే రెండూ పెనవేసుకుని మడ్డిగా అడుగున చేరుతాయి. ఆ మడ్డి పాళీ కింది సన్నని కాలువను పూడ్చివేస్తుంది.

రెండవది, ఇనుము కలిసిన బ్లూ-బ్లాక్ సిరాను దేనితోనూ కలపవద్దు. అది అన్నభేది వంశం. పొడి రంగు తేలియాడే పిగ్మెంటు సిరాలకూ ఇదే వర్తిస్తుంది.

మూడవది, ఎరుపులో కూడా రెండు రకాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. గులాబీ వైపు మొగ్గే ఎరుపు నీలంతో కలిసి నిగనిగలాడే నేరేడు రంగు ఇస్తుంది. నారింజ వైపు మొగ్గే ఎరుపు కలిసితే బురద రంగు వస్తుంది. ఆ దోషం మీ చేతిది కాదు.

నాలుగవది నీరు. మా వేముల మండలంలోనూ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో చాలాచోట్లా బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఆ నీటితో సిరాను పలుచన చేసినా, పెన్ను కడిగి ఆరబెట్టినా, గిన్నె అడుగున పట్టినట్లే తెల్లని పొర పట్టవచ్చు. పైగా చాలా రాయల్ బ్లూ సిరాలు క్షారగుణం తగిలితే రంగు కోల్పోతాయి. అప్పుడు మీ ఊదాలో నీలం మాయమై ఎరుపు మిగులుతుంది. మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

అయిదవది, తొందర పడకండి. సూదిలేని సిరంజితో రెండు మిల్లీలీటర్ల నీలానికి ఒక మిల్లీలీటరు ఎరుపు వంతున చిన్న గాజు సీసాలో కలపండి, పాళ్ళు కాగితంపై వ్రాసుకోండి. వారం రోజులు కదపకుండా ఉంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అడుగున మడ్డిగాని, పైన తెట్టుగాని, వాసనగాని ఉంటే పారబోయండి. తేటగా ఉంటే తక్కువ ధర పెన్నులో పోసి చూడండి. 1935లో గాంధీజీ ప్రశంస అందుకున్న రాజమండ్రి రత్నం పెన్నువంటిది మీ ఇంట్లో ఉంటే, దానిని ప్రయోగాలకు బలిపెట్టవద్దు.

ఆరవది అన్నిటికంటె ముఖ్యం. కలిపిన సిరాను మందు సీసాలోగాని, శీతల పానీయపు సీసాలోగాని ఎన్నడూ ఉంచవద్దు. కిరోసిను విషయంలో ఈ పొరపాటు ఎందరు పసిపిల్లలను ఆసుపత్రి పాలు చేసిందో ప్రతి ప్రభుత్వ వైద్యునికీ తెలుసు. సీసాపై 'సిరా, త్రాగరాదు' అని తెలుగులో వ్రాయండి. బిడ్డ పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. నోరు పుక్కిలింపజేసి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపొండి.

కాలిన ఒంటిపై సిరా

ఇంత వివరంగా వ్రాయటానికి అసలు కారణం ఇక చెబుతాను. నా ఉద్యోగ కాలమంతా వేడినీళ్ళు ఒలికిన బిడ్డలను, పొయ్యి దగ్గర చీర అంటుకున్న స్త్రీలను చూశాను. వారిలో అనేకులు ఒంటినిండా సిరా పోసుకుని వచ్చినవారే. నాన్న వ్రాసుకునే ఇంకు సీసా, బడి పిల్లవాడి ఇంకు సీసా, ఏది చేతికి అందితే అది. కాలిన చోట చల్లగా ఉంటుందని ఒకరు, బొబ్బలు రావని ఒకరు. "ఆసుపత్రిలో మీరు పూసేది మాత్రం ఇదే కదయ్యా" అని నన్నే అడిగినవారూ ఉన్నారు.

కాదు. అది ఇది కాదు. ఆసుపత్రిలో పూసిన జెన్షన్ వయొలెట్ శుద్ధమైన ఔషధం, నోటికి పావు శాతం, చర్మానికి అర శాతం అని కొలిచి చేసినది. ఆ మందు వాడకం కూడా నేడు బాగా తగ్గింది. జంతువులపై జరిగిన పరీక్షల ఆధారంగా దానివలన క్యాన్సరు ముప్పు ఉండవచ్చునని 2019లో కెనడా ఆరోగ్యశాఖ ప్రజలను హెచ్చరించింది. కనుక పాత సీసా ఇంట్లో ఉన్నా, వైద్యుడు చెప్పనిదే దానిని కూడా వాడవద్దు.

ఇక వ్రాత సిరా మందే కాదు. అది శుద్ధి చేసినది కాదు. బూజు పట్టకుండా ఫీనాలు వంటి రసాయనాలు కలిపిన సిరాలు ఉన్నాయి. కాలి తోలు ఊడిన చోట అవి మంటను పెంచుతాయి, లోపలికి ఇంకుతాయి. అన్నిటినీ మించిన కీడు మరొకటి ఉన్నది. కాలిన గాయం లోతును వైద్యుడు ముందుగా రంగును బట్టి అంచనా వేస్తాడు. ఎర్రగా ఉండి వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పైపొర గాయం. పాలిపోయి, నొక్కినా మారకపోతే లోతైన గాయం. ఆ అంచనా మీదనే తదుపరి చికిత్స ఆధారపడుతుంది. సిరా పోస్తే ఆ ఆనవాలు కనబడదు. దానిని కడిగి తీయటానికి ఆ బిడ్డ పడే నొప్పి చూసినవారెవరూ మరొకసారి సిరా సీసా ముట్టరు.

కాలితే చేయవలసినది ఒక్కటే, నీరు. కుళాయి కింద గాని, చెంబుతో పోస్తూ గాని, చల్లని మామూలు నీటిని ఇరవై నిమిషాలు ధారగా పోయండి. మంచుగడ్డ వద్దు. ఉంగరాలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసివేయండి. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగవద్దు. ఉతికిన పలుచని గుడ్డ కప్పి 108కి ఫోను చేయండి. సిరా, పళ్ళపేస్టు, పసుపు, పేడ, నూనె ఏదీ పూయవద్దు. సిరాకు ఉపయోగపడని మా బోరు నీరు ఈ పనికి మాత్రం నిక్షేపంగా పనికివస్తుంది.

చివరగా ఒక విన్నపం

సిరా తయారీదారులు సీసాపై రంగు పేరుతో సరిపెట్టక, అది ఆమ్లమో క్షారమో, దేనితో కలపరాదో, కంటిలో పడితే ఏమి చేయాలో ప్రాంతీయ భాషల్లో ముద్రించాలి. "కాలిన గాయాలపై పోయరాదు" అన్న ఒక్క వాక్యం చేర్చటానికి వారికి ఖర్చు ఏమీ కాదు. ఉపాధ్యాయులు అద్దుడు కాగితపు ప్రయోగాన్ని తరగతిలో చేయించి, రెండు ఊదాలు ఒకటి కావని పిల్లలకు కళ్ళారా చూపాలి. ఆ పాఠం విన్న పిల్లవాడు రేపు ఇంట్లో పాలగిన్నె ఒలికినప్పుడు సిరా సీసా కోసం పరుగెత్తే అవ్వను ఆపగలడు.

వ్యాసం చదివిన మీరు కూడా ఒక పని చేయండి. ఈరోజే ఇంట్లోని పెద్దవారిని, కాలితే ఏమి పూస్తావని అడిగి చూడండి. సిరా అని జవాబు వస్తే నవ్వకండి, కోప్పడకండి. నీళ్ళు అని నెమ్మదిగా చెప్పండి, కారణం కూడా చెప్పండి.