చదివి పెట్టే పిల్లలు

జూలై నెలాఖరు, ఖరీఫ్ పంటల బీమాకు గడువు దగ్గర పడే రోజులు. నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లో ఈ-సేవా కేంద్రాల ముందు నిలబడ్డ రైతుల పక్కన, తొమ్మిదో పదో చదివే కొడుకో కూతురో ఉండటం మామూలు. చేతిలో సాత్‌బారా అనే భూమి పత్రం, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ జిరాక్సు. ఆ పూటకు బడి లేనట్టే. తండ్రికి మరాఠీ రాదని కాదు. తెలుగు ఇళ్లలో కూడా బజారు మరాఠీ, దానితోపాటు ఉర్దూ ధారాళంగానే నడుస్తాయి. కాగితం మీది మరాఠీ వేరు, కంప్యూటర్ తెర మీద అడిగే మరాఠీ వేరు. అక్కడికి వచ్చేసరికి పిల్లలు కావాలి.

"గట్ నంబర్ ఏంది బాపూ?"

"పోయినేడు రాసిందే రాయమను."

"అట్ల గాదు, నీకు తెల్వదు, ఊకో."

ఆ 'ఊకో' అందరి ముందూ వచ్చింది. తండ్రి ఏమీ అనడు. సాయంత్రం ఇంట్లో ఏదో చిన్న విషయానికి, చెప్పులు ఎక్కడ విడిచారన్న దానికో, అన్నం ఎందుకు వదిలేశారన్న దానికో గట్టిగా కేకలు వేస్తాడు. పిల్లలకు ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు. టీనేజీ పిల్లలూ తల్లిదండ్రులూ కలిసిమెలిసి ఉండటం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఫోను, మార్కులు, స్నేహాల గురించి రాస్తారు. ఈ మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దు ఊళ్లలో నాకు అన్నిటికన్నా ముందు కనిపించేది ఈ కాగితాల వ్యవహారమే. ఇల్లు నడవడానికి కావలసిన అక్షరం పిల్లల దగ్గర ఉంది, ఇంటి అధికారం పెద్దల దగ్గర ఉంది. ఈ రెంటికీ పొత్తు కుదిరిన ఇంట్లో మిగతా గొడవలు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయని నా నమ్మకం.

తెలుగు ఇంటికి మరాఠీ కాగితం రావడం ఎవరి తప్పూ కాదు. షోలాపూర్, భివండీ మగ్గాల దగ్గరికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలది వలస. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలావాటికి వలస కథ లేదు, గీత మారిన కథ ఉంది. నిజాం కాలంలో నాందేడ్, ఆదిలాబాద్ రెండూ హైదరాబాద్ సంస్థానంలోని పక్కపక్క జిల్లాలు. 1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా ప్రాంతాలు అప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు వచ్చాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది. గీత ఎక్కడ గీసినా రెండు వైపులా కొందరు మిగిలిపోతారు. చుట్టరికాలు మాత్రం ఆగలేదు. తిరుపతి నుంచి ఆదిలాబాద్ వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ముద్‌ఖేడ్, భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్ మీదుగానే పోతుంది.

తాత కాలంలో కచేరీ కాగితం ఉర్దూలో ఉండేది. దాన్ని చదివి చెప్పేది పట్వారీ. ఆయన ఏది చదివితే అది నమ్మాలి, ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేయాలి. చదవగలిగినవాడి చేతిలో చదవలేనివాడి భూమి ఎలా చిక్కుకుంటుందో తెలంగాణలో, మరాఠ్వాడాలో పెద్దలకు బాగా తెలుసు. తండ్రి కాలానికి కాగితం మరాఠీ అయింది. ఆయన నాలుగో ఏడో చదివి వ్యవసాయంలో దిగాడు. ఇప్పుడు పిల్లలు సెమీ ఇంగ్లిష్‌లో చదువుతున్నారు, అంటే లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో, మిగతావి మరాఠీలో. ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు లిపులు. తాత కాలంలో పట్వారీకి ఉన్న ఆ బలం ఇవాళ పదిహేనేళ్ల పిల్లల చేతికి వచ్చింది. వాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలియజెప్పాలి.

ఎందుకంటే ఆ బలాన్ని వాడుకోవడం చాలా తేలిక. బడిలో పాలక్ సభ, అంటే తల్లిదండ్రుల సమావేశం, జరుగుతుంది. సర్ మరాఠీలో, మధ్యమధ్య ఇంగ్లిష్ మాటలతో గబగబా చెబుతాడు. సగం అర్థమైన తల్లి కూతురి వైపు తిరిగి "ఏమంటుండు?" అంటుంది. "మంచిగనే చదువుతున్ననంట" అంటుంది కూతురు. సర్ చెప్పింది గణితంలో రెండు యూనిట్ టెస్టులు తప్పిందని. ఆ రోజు గడిచిపోతుంది. తర్వాత లాతూర్ బోర్డు నుంచి పదో తరగతి ఫలితాలు వస్తాయి, అందులో అంకెలు ఉంటాయి, అంకెలు అందరికీ తెలుస్తాయి. ఆ తల్లికి మార్కులు తగ్గినందుకు కలిగే బాధ ఒక ఎత్తు. ఇన్నాళ్లూ తన ముఖం చూస్తూనే తనకు ఇంకోటి చెప్పిందన్నది మరో ఎత్తు. ఆ తర్వాత కూతురు నిజం చెప్పినా ఆమె పక్కింటివాళ్లను అడిగి చూసుకుంటుంది. టీనేజీ పిల్లలు "మా ఇంట్లో నన్ను నమ్మరు" అని ఫిర్యాదు చేస్తారు. నమ్మకం పోయిన రోజు ఏదో వాళ్లకు గుర్తుండదు, తల్లులకు గుర్తుంటుంది.

పిల్లలకు నేను చెప్పదలచింది ఇదే. మీకు ఇష్టం లేని మాటైనా పూర్తిగా చదివి వినిపించండి. "ఏం లేదులే" అని మడిచి జేబులో పెట్టకండి. మీ మీద ఫిర్యాదు ఉంటే అదీ చెప్పి, ఆ తర్వాత మీ జవాబు మీరు చెప్పుకోండి. తిట్లు పడతాయి, నిజమే. చెడ్డ వార్తను కూడా మీ నోటితోనే విన్న తల్లి, రేపు స్నేహితుల ఇంటికి వెళతానంటే మీ మాట వింటుంది. నాందేడ్‌లోనో లాతూర్‌లోనో నీట్ క్లాసులకు చేరతానని మీరు అడిగే రోజు రావచ్చు. ఒక్క కొడుకు ఫీజు కోసం పత్తి పైసలన్నీ పెట్టే ఇళ్లు ఈ తాలూకాలో ఉన్నాయి. అంత డబ్బు తీసి ఇచ్చే మనిషి మీ మాటను నమ్మి ఇవ్వాలి.

ఇక బడులవాళ్లకూ ఒక మాట. ఏ పిల్లల మీద ఫిర్యాదు ఉందో ఆ పిల్లలతోనే దాన్ని తెలుగులో చెప్పించడం అన్యాయం. అబద్ధం ఆడేందుకు మనమే తలుపు తెరిచినట్టవుతుంది. కిన్వట్, హిమాయత్‌నగర్, భోకర్ వైపు ఏ బడిలోనైనా తెలుగు తెలిసిన మరో తల్లో తండ్రో దొరకకపోరు. వాళ్లను పిలవండి. లేదా సర్ కొంచెం నెమ్మదిగా, తేలిక మరాఠీలో చెబితే చాలు, తల్లికి నేరుగా అర్థమవుతుంది.

వెక్కిరింత సంగతి మరో రకం. తహసీల్ ఆఫీసులో తండ్రి మరాఠీలో లింగం తప్పుతాడు, గుమాస్తా నవ్వుతాడు, కొడుకు కూడా నవ్వేస్తాడు. ఆ వయసులో నలుగురి ముందు చిన్నబోవడమంటే ప్రాణం పోయినంత పని. తండ్రి పక్షాన నిలబడితే తననూ చూసి నవ్వుతారని భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ నవ్వు తండ్రికి ఎన్నాళ్లు గుర్తుంటుందో పిల్లలు ఊహించలేరు. అటువంటి చోట కొడుకు చేయవలసింది పెద్ద పనేం కాదు. నవ్వకుండా, తండ్రి చెప్పదలచుకున్న మాటను సరిగ్గా గుమాస్తాకు అందిస్తే అయిపోయింది.

తండ్రులకు నేను ఇచ్చే సలహా కొంచెం వేరుగా ఉంటుంది. పిల్లలను ఒకసారి సరిహద్దు దాటి భైంసా తీసుకుపోండి. మేనమామ ఊరికో, పెండ్లికో వెళ్లినప్పుడు ఊరికే ఫోను పట్టుకుని మూల కూర్చోనివ్వకుండా మీ వెంట బజారుకు తిప్పండి. ఆఫీసు మెట్ల మీద గొంతు పెగలని ఆ బాపే అక్కడ పత్తి వ్యాపారితో ఎంత సునాయాసంగా మాట్లాడతాడో, ఎలా బేరం ఆడతాడో, ముసలివాళ్లు ఆయన్ని ఏ వరసతో పిలిచి కూర్చోబెడతారో వాళ్లు చూడాలి. ఆ ఊళ్లో తడబడేది పిల్లలే. వాళ్ల తెలుగులో మరాఠీ కలిసిపోయి ఉంటుంది, అత్తమ్మ పిల్లలు నవ్వుతారు. అప్పుడు తండ్రి ఏం చేస్తాడన్నది ముఖ్యం. ఆయన కూడా నవ్వులో కలిస్తే లెక్క సరిపోయిందనుకోవచ్చు, దూరం మాత్రం తగ్గదు. తన కొడుక్కి వచ్చిన మరాఠీ గురించి, ఇంగ్లిష్ గురించి ఆ చుట్టాల ముందు నాలుగు మంచి మాటలు చెబితే ఆ కుర్రవాడు తిరుగు ప్రయాణంలో తనంతట తాను కబుర్లు మొదలుపెడతాడు.

ఇద్దరూ కలిసి చేసే పనుల్లో నాకు బాగా నచ్చినది ఈ-పీక్ పాహణీ. మహారాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 15న దీన్ని రాష్ట్రమంతా మొదలుపెట్టింది. అంతకుముందు ఏ గట్‌లో, అంటే ఏ భూమి ముక్కలో, ఏ పంట వేశారో గ్రామ భూరికార్డులు చూసే తలాఠీ రాసుకునేవాడు. ఇప్పుడు రైతే ఫోనులో యాప్ తెరిచి, ఖాతా నంబరు ఎంచుకుని, పంట పేరు, విస్తీర్ణం, నీటి వసతి నింపి, చేనులో నిలబడి ఫొటో తీసి పంపాలి. చేనులో లేకుండా ఇంట్లో కూర్చుని తీస్తే కుదరదు. ఆ వివరమే సాత్‌బారాలోని పన్నెండో నమూనాలో పంటగా ఎక్కుతుంది. నష్టపరిహారానికీ, సర్కారు కొనుగోలుకూ ఆ నమోదే ఆధారం. ఫోను తెలిసిన పిల్లలూ చేను తెలిసిన పెద్దలూ ఇద్దరూ అక్కడ ఉండాలి. ఒక్కరితో అయ్యే పని కాదు.

తండ్రి ముందు నడుస్తాడు, కూతురు వెనక. "ఇక్కడిదాకా సోయాబీన్, ఆ గట్టు అవతల పత్తి, నడుమ రెండు సాళ్లు కంది" అని ఆయన చూపిస్తాడు. "ఎన్ని గుంటలు రాయాలె?" అని ఆమె అడుగుతుంది. బావి ఎప్పుడు తవ్వారు, ఈ తుండం పాలివాళ్లతో పంపకంలో ఎలా వచ్చింది, పోయినేడు పసుపు ఎందుకు వేయలేదు, ఇవన్నీ ఆ నడకలో బయటికొస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీ భవిష్యత్తు గురించి మాట్లాడుదాం" అంటే నోరు మెదపని పిల్లలు పక్కపక్కన నడుస్తూ పనిలో ఉన్నప్పుడు మాట్లాడతారు. కొందరు ఆదివారం దాకా ఆగకుండా పిల్లలకు ఫోను ఇచ్చి "నువ్వే పోయి తీసుకురా" అని పంపిస్తున్నారు. నాకు అది బాధ కలిగిస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు దొరికే ఆ గంటను పోగొట్టుకోవద్దు.

ఫోను మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా. 2024 జూలైలో మొదలైన లాడకీ బహీణ్ పథకం కింద తల్లి ఖాతాలో నెలకు 1500 రూపాయలు పడుతున్నాయి. ఆ తర్వాత ఈ-కేవైసీ వచ్చింది. ఓటీపీ తల్లి నంబరుకు వస్తుంది, ఆ ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. పగలు "ఎప్పుడు చూడు ఫోనే" అని తిట్టిన తల్లే సాయంత్రం "జర కేవైసీ చెయ్ బిడ్డా" అంటుంది. కుర్రవాడికి అది రెండు నాలుకల మాటలా వినిపిస్తుంది. వినిపించడం సహజమే. ఇంటి పనికి ఒక గంట అని ముందే అనుకుంటే, ఆ గంటలో చేసిన పనిని పనిగా గుర్తిస్తే, మిగతా సమయం గురించి గట్టిగా మాట్లాడే హక్కు తల్లికి ఉంటుంది. కొడుకు వైపునుంచి కూడా ఒక కట్టుబాటు కావాలి. ఖాతాలో ఎంత పడింది, ఎంత ఉంది అన్నది అడగకముందే చెప్పాలి. ఆటల యాప్‌లలో పెద్దల డబ్బు పోగొట్టిన పిల్లల కథలు ఇన్ని విన్నాక, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించాక, తల్లుల అనుమానాన్ని అతి అనలేం.

ఇళ్లలో పిల్లలు ఇలా చదివి పెట్టడం మన సరిహద్దుకే పరిమితం కాదు. అమెరికాలో వలస కుటుంబాల పిల్లలు తల్లిదండ్రులకోసం ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బడుల్లో మాట్లాడి పెట్టడాన్ని ఏళ్ల తరబడి గమనించి మార్జరీ ఒరెల్లానా అనే పరిశోధకురాలు 2009లో 'ట్రాన్స్‌లేటింగ్ చైల్డ్‌హుడ్స్' అనే పుస్తకం రాశారు. పిల్లలు చేసే ఈ పని కంటికి కనిపించని నిజమైన శ్రమ అన్నది ఆమె చూపినవాటిలో నాకు ముఖ్యమనిపించింది. మన దగ్గర ఆ శ్రమను శ్రమగా లెక్కపెట్టరు. చేను పనికి వెళ్లని కొడుకుని "తిని కూర్చుంటాడు" అంటారు, వారంలో మూడుసార్లు అతన్ని కచేరీల చుట్టూ తిప్పిన సంగతి మరిచిపోతారు. పరీక్షల నెలలో కూడా బడి మాన్పించి తీసుకుపోయే తండ్రులున్నారు. అది ఆపాలి.

రెండు రకాల కాగితాలు మాత్రం పిల్లల చేత చదివించకూడదని నా గట్టి అభిప్రాయం. బ్యాంకు నుంచి వచ్చే అప్పు నోటీసు, ఆస్పత్రి నుంచి వచ్చే పెద్ద రోగం రిపోర్టు. మరాఠ్వాడాలో రైతుల ఆత్మహత్యలు ఎన్ని ఇళ్లను ముంచాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎంత బాకీ, ఎంత వడ్డీ, ఏ తారీఖులోపు కట్టకపోతే ఏం చేస్తారు, ఇవి పద్నాలుగేళ్ల పిల్ల తన నోటితో చదివి తండ్రికి వినిపించి, ఆయన ముఖంలో మార్పు కూడా తానే చూడాలా? ఆ రాత్రి ఆ పిల్ల నిద్రపోదు. తండ్రి చేను వైపు వెళ్లినప్పుడల్లా వెనకనుంచి చూస్తూ ఉంటుంది, అడగలేదు. అటువంటి కవరు వస్తే పెదనాన్న దగ్గరికో, గ్రామసేవక్ దగ్గరికో, నేరుగా బ్యాంకుకో తీసుకెళ్లి పెద్దవాళ్ల చేత చదివించుకోండి. పొరపాటున కూతురే చదివేసినా "నీకెందుకు, పోయి చదువుకో" అని పంపేయకండి. అంతా తెలిసిన పిల్లకు ఆ జవాబు భయాన్ని పెంచుతుంది. మరునాడైనా కూర్చోబెట్టి అప్పు ఇంత ఉంది, పత్తి వచ్చాక ఇంత కడతాం, మిగిలినదానికి బ్యాంకుకు పోయి గడువు అడుగుతాం, మీ మామను కూడా అడిగిన అని చెప్పండి. ఆమె ఏదైనా అడిగితే జవాబు ఇవ్వండి. జవాబు లేకపోతే ఎవరిని అడగాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి, ఆమెను ఒంటరిగా ఆ కవరుతో వదలకండి.