గృహారోగ్యము: వైరసు వంశవృక్షము


తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులు, రెండు ప్రతులలో ఒకే తప్పు కనబడినచో అవి యొకే మాతృకనుండి పుట్టినవని యూహింతురు. వ్రాయసకాడు ఒక యాశ్వాసమును ఒక ప్రతినుండియు, మరియొక దానిని వేరు ప్రతినుండియు ఎత్తి వ్రాసినచో సంకరప్రతి యేర్పడును. శాస్త్రజ్ఞులు హెచ్.ఐ.వి. చరిత్రమును ఇట్లే చదువుచున్నారు.

ఈ వైరసు ప్రతిరేణువునందును ఆర్.ఎన్.ఎ. పోగులు రెండుండును. మన రక్తకణమున జొచ్చి ప్రతిని వ్రాసికొనునపుడు అది యొక పోగునుండి రెండవదానికి దుముకుచుండును. ఒకే మనుష్యుని యొకే కణమున రెండు శాఖల వైరసులు చేరినచో, వాని సంతతిలో మిశ్రమశాఖ పుట్టగలదు.

ఆఫ్రికాలో చింపాంజీలనుండి మానవులకు సోకిన యీ వైరసు, సుమారు 1920 ప్రాంతమున కిన్‌షాసా పట్టణమునుండి వ్యాపింపసాగెనని దాని వంశవృక్షము తెలుపుచున్నది. ఐరోపా, అమెరికాలలో బి శాఖయు, దక్షిణాఫ్రికా, భారతదేశములలో సి శాఖయు ప్రబలినవి. మనదేశమున 1986లో మద్రాసునందు దీనిని తొలుత కనిపెట్టినవారు సునీతి సాలమన్, నిర్మల యను స్త్రీలే. పూనాలో ఎ, సి శాఖల మిశ్రమము కలదని 1999లో వెల్లడియైనది. చైనాలోని యునాన్ రాష్ట్రమున బి శాఖతో గలిసిన సి శాఖ మనదేశపుదానికి దగ్గరి జ్ఞాతి. వైరసునకు కాళ్లు లేవు. మనుష్యుల ప్రయాణములే దాని మార్గములు.

2022లో పల్నాడు ప్రత్యేక జిల్లా కాకమునుపు నరసరావుపేట, మాచర్ల, గురజాల గుంటూరు జిల్లాలోనివే. ఆ జిల్లాలో 2004-05లో ఎంచిన గ్రామములందును పట్టణములందును రక్తపరీక్షలు జరుపగా, 15 మొదలు 49 ఏండ్లవారిలో నూటికి 1.72 వంతున వైరసు కలదని తేలెను. మునుపటి యంచనాలో ఇది సగముకంటె తక్కువ. అయినను ఎన్ని వేల కుటుంబములో తలపోయుడు!

ఆ కుటుంబములలో నింద మోయునది తరచుగా కోడలే. గర్భవతియైనపుడు ఆమెకే ముందుగా పరీక్ష జరుగును. కావున వ్యాధిని ఆమెయే తెచ్చినదందురు. ముందు బయటపడినవారికే ముందు సోకెననుట తర్కము కాదు. వైరసు శాఖ దేశములు తిరిగిన త్రోవను చూపును గాని, ఆలుమగలలో ఎవరినుండి ఎవరికి వచ్చెనో తీర్పు చెప్పజాలదు. పెండ్లియైన స్త్రీలకు పెక్కుమందికి ఇది భర్తవలననే సోకుచున్నది.

కావున భార్యతోపాటు భర్తయు పరీక్ష చేయించుకొనవలయును. 2004 మొదలు ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితముగా నిచ్చుచున్నారు. శాఖ యేదైనను, మిశ్రమమైనను అవి సామాన్యముగా పనిచేయును. మందు మధ్యలో మానినచో మందునకు లొంగని వైరసు పుట్టవచ్చును. అట్టివి రెండు కలిసినచో మరింత మొండివగును. కనుక దంపతులిద్దరికిని వ్యాధి యున్నను ఇద్దరును విడువక వాడవలయును. వైరసు పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినచో దాంపత్యమువలన సోకదు. గర్భిణి సకాలమున మందు వాడినచో బిడ్డకు సోకకుండ కాపాడుకొనవచ్చును.

ఒకే పంక్తిని భుజించుటవలనగాని, తాకుటవలనగాని, దోమకాటువలనగాని యిది రాదు. రోగిని వెలివేయుట 2017 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. సందేహము గలవారు 1097 సంఖ్యకు ఫోను చేసి యుచితముగా సలహా పొందవచ్చును. మీ యింట గాని, పొరుగున గాని యిట్టి యిల్లాలున్నచో, ఆమెకు వేరు కంచము పెట్టక, తోడుగా ఆసుపత్రికి వెళ్లుడు.