ఓరుగల్లు మట్టికోట వయసు ఎవరు చెబుతారు?

వరంగల్ కోటకు వెళ్లినవాళ్లు కీర్తి తోరణాల దగ్గర ఆగుతారు, ఫొటోలు దిగుతారు, ఖుష్ మహల్ ఎక్కుతారు, ఓపిక ఉంటే చీకటి పడేదాకా ఉండి లైట్ అండ్ సౌండ్ షో చూసి వస్తారు. కోటలోకి వచ్చేటప్పుడు తాము ఒక మట్టి దిబ్బను దాటామన్న సంగతి చాలామందికి గుర్తుండదు. తుప్పలు మొలిచి, పాత చెరువు కట్టలా కనిపించే ఆ దిబ్బే కాకతీయ రాజధాని మట్టి ప్రాకారం. తోరణాల మీద మనకున్న శ్రద్ధలో పదో వంతు కూడా దాని మీద లేదు. కోట చరిత్ర గురించి ఇంకా తేలాల్సిన ప్రశ్నలకు మాత్రం జవాబులు తోరణాల్లో కన్నా ఆ మట్టిలోనే ఎక్కువ ఉన్నాయని నా అభిప్రాయం.

ఈ కోటను వలయాలుగా కట్టారు. లోపల సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట. దాని చుట్టూ దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దాన్ని ఆనుకుని అగడ్త. ఇంకా బయట, నేటి నగరంలో కలిసిపోయిన మరో మట్టికట్ట ఆనవాళ్లు. గణపతిదేవుడు (1199–1262) రాజధానిని హనుమకొండ నుంచి ఇక్కడికి మార్చాడని, రాతిగోడను రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేయించిందని పుస్తకాల్లో చదువుకున్నాం. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాక దీని పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ తర్వాత ముసునూరి కాపయ నాయకుడు, రేచర్ల వెలమలు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు. ఇన్ని చేతులు మారిన కోటలో ఏ గోడ ఎవరు కట్టించారు, ఎవరు మరమ్మతు చేయించారు, ఎవరు తమ అవసరం కోసం మార్చుకున్నారు అన్నది చూడగానే చెప్పగలిగే విషయం కాదు.

కథలు ఉన్నాయి. 77 బురుజులను 77 మంది నాయకులు కాపాడారని కాకతీయుల తర్వాత చాలాకాలానికి వచ్చిన ప్రతాపరుద్ర చరిత్రము చెబుతుంది. వెళ్లి లెక్కపెడితే రాతికోటకు కనిపించేవి 45 బురుజులు. ఇక కోహినూర్ ఇక్కడి అమ్మవారి కన్ను అన్న కథ గైడ్లు చెప్పని రోజు ఉండదు. ఆ కాలపు ఆధారం ఒక్కటీ ఆ మాట చెప్పదు. కథలు వద్దనడం లేదు, కథను కొలతతో సరిచూసుకునే అలవాటు కావాలంటున్నాను. చందుపట్ల శాసనమే చూడండి. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని చరిత్రకారులు అనుకునేవారు. నల్లగొండ ప్రాంతంలోని ఆ ఊళ్లో దొరికిన, 1289 నవంబరు 27 తేదీ ఉన్న చిన్న శాసనం ఆమె అప్పటికే మరణించిందని చెప్పడంతో ఆరేళ్ల చరిత్ర తిరగరాయాల్సి వచ్చింది.

కానీ గోడలన్నిటి మీదా శాసనాలు ఉండవు కదా. రాయిని అడుగుదామంటే, దక్కన్ గ్రానైటు తన వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని చెబుతుంది. అది నిజమే, మనకు పనికిరాని నిజం. రాయి ఎప్పుడు పుట్టిందో కాదు, ఎప్పుడు గోడలో చేరిందో కావాలి. సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కాబట్టి దానికి రేడియోకార్బన్ పరీక్ష చేయవచ్చు. అయితే ఈ రాతిగోడ ప్రత్యేకతే సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చడం. ఆ దారీ మూసుకుపోయింది.

మిగిలింది మట్టి. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇక్కడే ఆసక్తి మొదలవుతుంది. మట్టిలోని ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్ స్ఫటికం, ఒక రకంగా గడియారం. చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం నుంచి నిరంతరం వచ్చే కొద్దిపాటి రేడియేషన్ ఆ స్ఫటికంలోని ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. వాటిలో కొన్ని స్ఫటికంలోని లోపాల దగ్గర చిక్కుకుపోతాయి. ఎండ తగిలితే అవి విడుదలై గడియారం సున్నాకు వస్తుంది. తట్టలకెత్తి గోడలో పోసి, పైన మరో పొర వేసి దిమ్మిస కొట్టిన క్షణం నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది. ఇప్పుడు ఆ రేణువును చీకట్లో బయటికి తీసి, ప్రయోగశాలలో దాని మీద కాంతిని ప్రసరింపజేస్తే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదలవుతూ సన్నని వెలుగును ఇస్తాయి. ఆ వెలుగును బట్టి రేణువు ఇన్నాళ్లలో ఎంత రేడియేషన్ గ్రహించిందో కట్టి, దాన్ని ఏడాదికి అందే రేడియేషన్‌తో భాగిస్తే పూడిపోయి ఎన్నేళ్లయిందో వస్తుంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో ఈ విద్య దశాబ్దాలుగా ఉంది.

దీన్ని మంత్రంలా అమ్మడం నాకు ఇష్టం లేదు. ఈ పద్ధతిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా అనిశ్చితి ఉంటుంది. 750 ఏళ్ల గోడకు అది 40 నుంచి 75 ఏళ్లు. అంటే తండ్రి కట్టించిందా, కూతురు కట్టించిందా అని ఇది తేల్చలేదు. పైగా తట్టల్లో తెచ్చిన మట్టిలో కొన్ని రేణువులకు అసలు ఎండే తగిలి ఉండదు, అవి తమ పాత లెక్కను మోసుకొచ్చి వయసును పెంచి చూపిస్తాయి. అందుకే రేణువులను ఒక్కొక్కటిగా పరీక్షించాల్సి వస్తుంది. అయినా మట్టికోట కాకతీయుల కన్నా ముందుదా, వాళ్లదేనా, రెండు మూడు వందల ఏళ్ల తర్వాత ఎత్తు పెంచిందా అన్న ప్రశ్నలకు ఈ ఖచ్చితత్వం చాలు.

ఆ మట్టి పనితనం తక్కువదేమీ కాదు. 1310 ముట్టడి గురించి రాసిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఉక్కు బల్లేనికి కూడా లొంగని గోడ అని, యంత్రాలతో విసిరిన గుండ్లు తగిలి వెనక్కి ఎగిరిపోతాయని పొగిడాడు. రెండో మాట కవిత్వం. మట్టి గుండును వెనక్కి తన్నదు, మింగుతుంది. గట్టి రాతిగోడకు తగిలిన గుండు తన శక్తినంతా రెప్పపాటులో ఒకేచోట వదిలి బీటలు తెస్తుంది. దిమ్మిస కొట్టిన మట్టి కొంచెం లోపలికి నొక్కుకుపోయి, ఆ శక్తిని రేణువుల మధ్య రాపిడిలో అరగదీస్తుంది. శత్రువు చేత మెప్పు పొందిన ఇంజినీరింగ్ అది.

ఇక నా అసలు ఫిర్యాదు. ఈ గడియారానికి ఎండ తగిలితే పోతుంది. మట్టికోటలోంచి ఒక ట్రాక్టర్ మట్టి ఎత్తి వేరేచోట పోస్తే పోయేది కట్ట ఎత్తు మాత్రమే కాదు, ఆ మట్టిలో ఏడు శతాబ్దాలుగా పోగైన లెక్క ఒక్క మధ్యాహ్నంలో చెరిగిపోతుంది. శాసనం పగిలితే ముక్కలైనా మిగులుతాయి, ఇక్కడ అదీ ఉండదు. రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రితం అని 2010 చట్ట సవరణ చెబుతుంది. కానీ ఆ చట్టం చూసేది కట్టడాల వైపు. మట్టిని కట్టడంగా చూసే కన్ను మనకు ఇంకా రాలేదు. సుందరీకరణ పేరుతో కట్టను చదును చేసి, గడ్డి పరిచి, నడకదారి వేస్తే అందరూ చప్పట్లు కొడతారు.

ఖిలా వరంగల్‌లో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలను దోషులుగా చూపడం నాకు సమ్మతం కాదు. కోట గోడల మధ్యే వాళ్ల ఇళ్లు, పొలాలు. వాళ్లకూ నీళ్ల పైపులు కావాలి, రోడ్లు కావాలి. ఏ వాన తర్వాత కట్టలో ఏ పొర బయటపడిందో పరిశోధకుల కన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది. నేను అడుగుతున్నది చిన్న నిబంధన: మట్టికోటను ఏ అవసరం కోసం కోయాల్సి వచ్చినా, కోసే ముందు నమూనా తీయాలి, తెగిన పొరలను ఫొటో తీసి, కొలిచి, నమోదు చేయాలి. ఎక్కడ ఏముందో తవ్వకుండా చూసే భూభౌతిక సర్వేలకు హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ ఉంది. కోటకు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఎన్‌ఐటీ ఉంది. మట్టి గోడల బలం మీద ఎం.టెక్ విద్యార్థులకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

నమూనా తీయడానికి కావలసింది రెండు చివరలా మూతలున్న జానెడు ఉక్కు గొట్టం, సుత్తి, నల్ల ప్లాస్టిక్ కవరు. కొత్తగా చెక్కిన మట్టి ముఖంలోకి గొట్టాన్ని దిగ్గొట్టి, వెలుతురు సోకకుండా మూతలు బిగించి, లోతు, చోటు రాసుకోవాలి. పక్కనే ఉన్న మట్టిని కొంచెం విడిగా తీసుకోవాలి, దాని రేడియేషన్, తేమ కొలవడానికి. పైపు కోసం జేసీబీ రావడానికి ముందు రోజు ఒక్క పూట కేటాయిస్తే ఈ పని అయిపోతుంది.