తోబుట్టువుల వాటా

‘దాయం’ అంటే పూర్వుల నుండి సంక్రమించిన సొత్తు. అందులో భాగం గలవాడు దాయాది. కాని తెలుగులో ‘దాయ’ అనే మాటకు శత్రువు అనే అర్థం కూడా ఉంది. పంచుకోవలసినవారే పగవారు కావడం మన సమాజంలో ఎంత పాతకథో ఆ ఒక్క మాట తెలుపుతుంది.

తల్లిదండ్రులు గతించిన పిదప వారి ఇల్లు కొందరికి జ్ఞాపకం, మరికొందరికి ధనం అవుతుంది. పట్టణంలో స్థిరపడిన అన్న అమ్ముదామంటాడు. ఊళ్ళోనే ఉన్న తమ్ముడు వద్దంటాడు. అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్ళను ఎవరూ అడగరు. రిజిస్ట్రేషన్ నాడు సంతకం కోసం మాత్రం కబురు పంపుతారు. వివాదానికి బీజం పడేది ఇక్కడే.

ఆ సంతకం లాంఛనం కాదు, హక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే పిత్రార్జితంలో కుమార్తెలకు సమానహక్కు కల్పించింది. అయితే చట్టం అమలుకు ముందే వివాహమైనవారికి అది వర్తించలేదు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం చేసిన సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదనీ 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెళ్ళినాటి కట్నకానుకలతో ఆడపిల్ల వాటా తీరిపోయిందనడం ఇక చెల్లదు.

అమ్మదలచినవారి హక్కునూ కాదనలేము. విభజనకు వీలుకాని ఇంటిని అమ్మించి సొమ్ము పంచే అధికారాన్ని 1893 నాటి పంపకాల చట్టం న్యాయస్థానానికి ఇచ్చింది. అయితే 1956 నాటి వారసత్వ చట్టంలోని 22వ సెక్షన్ ఒక చక్కని నియమం పెట్టింది. వారసులలో ఒకరు తన భాగాన్ని అమ్మదలిస్తే, దానిని ముందుగా కొనే హక్కు తోడి వారసులది. ధర కుదరకపోతే న్యాయస్థానం నిర్ణయిస్తుంది. పరాయివారి కంటే ముందు తోబుట్టువును అడగమనడమే దీని సారాంశం. చట్టం చెప్పకున్నా సంస్కారం చెప్పవలసిన మాట ఇది.

అడగకుండా అమ్మబోతే దావా తప్పదు. ఒక కోర్టులో ఓడినవారు పైకోర్టుకు పోతారు. ఈలోగా ఇంటి కప్పు కూలుతుంది, కొనేవారు వెనుదీస్తారు, పిల్లలు మేనత్త ముఖమెరుగక పెరుగుతారు. పోయిన సొమ్మును మళ్ళీ సంపాదించుకోవచ్చు గాని, ఆ సంవత్సరాలను సంపాదించుకోలేము.

దావా వేసిన తరువాత కూడా లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చు. అక్కడి తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. చెల్లించిన కోర్టుఫీజు తిరిగి వస్తుంది. కాని ఆడపడుచును బతిమాలి, బెదిరించి వాటా వదిలించడం రాజీ అనిపించుకోదు.

రేపు ఇటువంటి దస్తావేజులపై సంతకాలు చేయవలసినవారు నేటి విద్యార్థులే. బేరం మొదలుపెట్టక ముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకచోట కూర్చోవాలి. ఆస్తికి విలువ కట్టించి, వాటాలను కాగితంపై రాయించి, రిజిస్టరు చేయించాలి. అమ్మకం మాట ఆ తరువాతే.